కోనసీమలో వాణిజ్య ఆవరణల తోట నిర్వహణ

హోటళ్ళు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్ళు, ఆసుపత్రులు, ప్రైవేటు కళాశాలలు, పెట్రోలు బంకులు, గ్యాస్ కేంద్రాల ఆవరణల్లో చెట్లు, పచ్చిక, కంచెమొక్కలు ఉంటాయి. వాటిని పెంచడం, కత్తిరించడం, వాటికి నీరు పెట్టడం, నిలిచిన నీటిని బయటికి పంపడం అన్నీ కలిపి ఆవరణ తోట నిర్వహణ అవుతుంది. గోదావరి డెల్టాలో గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో ఈ పని నడిచే తీరు వేరు. అమలాపురం కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు కోనసీమ పరిధిలోకి వస్తాయి.

ఇక్కడ మొక్కను బతికించడం పెద్ద విద్యేమీ కాదు. కంచె కోసం పాతిన గుంజ కూడా చిగురు వేసే నేల ఇది. చిక్కంతా నీటితోనే. ఆగస్టులో నీరు దిగదు, మే నెలలో నీరు రాదు, సముద్రం దాపున వచ్చే నీటిలో ఉప్పు ఉంటుంది. కోత, ఎరువు, పురుగుమందు లాంటి తక్కిన పనులు ఈ మూడింటిని సర్దుకున్నాకే ఫలిస్తాయి. పచ్చిక ఎంత ఖరీదుదైనా, నీరు నిలిచే ఆవరణలో అది ఒక్క వర్షాకాలానికి మించి నిలవడం అరుదు.

వాతావరణం, కాలువలు

అమలాపురం దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు బాగా దక్షిణాన ఉంది. భూగోళశాస్త్రం ప్రకారం ఇది ఉష్ణమండలమే. వాణిజ్య తోటల నిర్వహణ మీద ప్రపంచంలో దొరికే క్యాలెండర్లు మాత్రం ఎక్కువగా ఫ్లోరిడా వంటి ఉపోష్ణ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని రాసినవి. వాటిలో పచ్చిక చలికాలంలో ఎదుగుదల మానేస్తుంది. తోటమాలికి అప్పుడు కాస్త తీరిక దొరుకుతుంది. కోనసీమలో ఆ లెక్క తలకిందులవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తోటకు అన్నిటికన్నా మంచి రోజులు. మొక్క వెనకబడేది ఏప్రిల్, మే నెలల్లో. అందుకు ఎండ సగం కారణమైతే, కాలువలు కట్టేయడం మిగతా సగం.

ధవళేశ్వరం ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు నిర్మించారు. కోనసీమకు నీరిచ్చే మధ్య డెల్టా కాలువలు ఆ ఆనకట్ట నుంచే మొదలయ్యాయి. రాజోలు వైపు పోయే నీరు పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయను అక్విడక్టు మీదుగా దాటుతుంది. దాళ్వా వరి కోతకు వచ్చాక, మరమ్మతుల కోసం కాలువలకు నీరు ఆపేస్తారు. సాధారణంగా ఏప్రిల్‌లో ఆపి జూన్‌లో మళ్ళీ వదులుతారు. తేదీలు ఏడాదికోసారి మారుతుంటాయి. ఈ విరామం వరి రైతు కోసం ఏర్పడింది. అయినా కాలువలో నీరుంటే పక్కనున్న ఆవరణల బావులు, ఫిల్టర్ పాయింట్లు ఊరుతూ ఉంటాయి, కాలువ ఎండితే అవీ దిగిపోతాయి. హోటల్ యజమాని పొలం వైపు ఎన్నడూ చూడకపోయినా అతని లాన్ నడిచేది పొలం లెక్క ప్రకారమే.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వస్తాయి. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతోబాటు తుపాన్ల కాలం నడుస్తుంది. గాలిలో తేమ ఏడాదంతా ఎక్కువే. అందుకే ఇక్కడ ఎండదెబ్బ కన్నా బూజు, కుళ్ళు తెగుళ్ళ బాధ ఎక్కువ.

నేల మూడు రకాలు

పైనుంచి సముద్రం వైపు దిగుతుంటే నేల మారుతూ పోతుంది. కొత్తపేట, రావులపాలెం వైపు ఏటి ఒండ్రు ఎక్కువ. లంకల్లో అయితే అది మరీ తేలిక. నీరు త్వరగా ఇంకుతుంది, అరటి, పూలమొక్కలు బాగా వస్తాయి. వరద వచ్చిన ఏడు ఆ నేలే మునుగుతుంది. అమలాపురం చుట్టుపక్కల జిగట నేల. వానకు ముద్దవుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పార ఎప్పుడు వేయాలో ఆ నేలే చెబుతుంది. తడి మీద తవ్విన జిగటమట్టి ఎండాక ఇటుక గడ్డలా బిగుసుకుంటుంది, ఆ గుంటలో నాటిన మొక్క వేరు బయటికి పోలేదు. రాజోలు దిగువన మలికిపురం, సఖినేటిపల్లి, అటు అల్లవరం, కాట్రేనికోన తీరాల్లో ఇసుక పర్రలు ఉన్నాయి. పోసిన నీరు, వేసిన యూరియా రెండూ కిందికి జారిపోతాయి. ఇసుక అడుగున పల్చని మంచినీటి పొర ఉంటుంది, దాని కింద ఉప్పునీరు.

తీరప్రాంత బోర్ల విషయంలో ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నలభై అడుగుల మేర ఉప్పు పైకి వస్తుందని దీని అర్థం. ఒకే లోతైన బోరుకు పెద్ద మోటారు బిగించి గంటల తరబడి తోడే రిసార్టుకు మొదటి రెండేళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత గడ్డి కొసలు మాడడం మొదలవుతుంది. నీరు నాలుకకు ఉప్పగా తగలకముందే సున్నితమైన మొక్కలు ఆ సంగతి చెబుతాయి. లోతులేని ఫిల్టర్ పాయింట్లు రెండు మూడు వేసుకుని, ఒక్కోదాన్ని కాసేపు మాత్రమే తోడి, తొట్టిలో నిలవ చేసుకోవడం మేలు. దిండి దగ్గర వసిష్ఠ ఒడ్డునున్న రిసార్టులకు నది ఎదురుగానే కనిపిస్తుంది. అయినా వేసవిలో పైనుంచి ప్రవాహం తగ్గాక ఆటుపోట్లతో ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఆ నీటిని తోటకు పెట్టకూడదు.

మెరక చేసిన స్థలాలు

కోనసీమ పాత ఊళ్ళ నిర్మాణంలో ఒక తెలివి ఉంది. ఇల్లు, కొబ్బరిచెట్టు మెరక మీద, వరి పల్లంలో. వాన కురిస్తే మెరక మీది నీరు పల్లానికి, పల్లంలోది బోదెకు, బోదెది మురుగు కాలువకు, అక్కణ్ణుంచి మొగ ద్వారా సముద్రానికి పోతుంది. ఇప్పటి ఫంక్షన్ హాళ్ళు, కళాశాలలు, షోరూములు చాలావరకు 216వ నంబరు జాతీయ రహదారి వెంట, ఒకప్పటి పల్లపు పొలాల్లో మట్టి పోసి మెరక చేసినవి. ఆ మట్టి ఎక్కడిదన్నది తోటకు మొదటి ప్రశ్న. చెరువు మట్టి అయితే మంచిది. రొయ్యల చెరువు అడుగు మట్టి, డ్రెయిను పూడిక మట్టి అయితే ఉప్పు వెంట వస్తుంది. పొలం మట్టి అయితే తుంగ గడ్డలు ఉచితంగా వస్తాయి.

మెరక చేసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, పక్క పొలానికి పోయే బోదెను పూడ్చేయడం. ఆ నీటికి దారి ఉండదు కాబట్టి ఆవరణ వెనక గోడ చుట్టూ నిలుస్తుంది. పైన పచ్చిక పచ్చగానే కనిపిస్తుంది, రెండడుగుల లోతున వేళ్ళు కుళ్ళుతుంటాయి. ఆగస్టులో ఆవరణలో ఒక మూల రెండడుగుల గొయ్యి తవ్వి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అసలు సంగతి బయటపడుతుంది. గోతిలో నీరు ఎంత ఎత్తున నిలిస్తే ఆ మట్టానికి పైనే వేళ్ళు బతకాలి. అలాంటి చోట చెట్టును గుంటలో కాక మట్టి దిబ్బ మీద నాటాలి. పాత మామిడి, పనస చెట్లున్న స్థలాన్ని మెరక చేస్తే వాటి మొదళ్ళ చుట్టూ మట్టి పోయకూడదు, వేళ్ళకు గాలి ఆడక రెండు మూడేళ్ళలో చచ్చిపోతాయి.

పచ్చికకు వంద అడుగులకు అడుగు నుంచి రెండడుగుల వాలు కావాలి. ఆ వాలు భవనం వైపు కాకుండా బయటి డ్రెయిను వైపు ఉండాలి. చెప్పడానికి చిన్న సంగతే, తప్పు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. డ్రెయిను కట్టినంత మాత్రాన నీరు పోతుందన్న హామీ లేదు. కోనసీమ మురుగు కాలువలు సముద్రపు పోటు సమయంలో నీటిని తీసుకోలేవు. మొగ పూడితే, గుర్రపుడెక్క అల్లుకుంటే మరీ నెమ్మదిస్తాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయకుండా విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు పోకపోవడం ఒకటి. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిను గుండా ఉప్పునీరు ఎగదన్ని కేశనపల్లి పరిసరాల కొబ్బరిచెట్లు మోడువారిన తీరు చూస్తే, డ్రెయిను ఒక్కోసారి వెనక్కి కూడా ప్రవహిస్తుందని తెలుస్తుంది. తీరం దాపున్న ఆవరణలు బయటి డ్రెయినుతో కలిసే చోట తలుపు అమర్చుకుని, పోటు వేళ మూసి, పాటు వేళ తెరవడం తప్పనిసరి.

కొబ్బరిచెట్టు

ఇతర ప్రాంతాల్లో తోట నిర్వాహకుడి రోజు పచ్చికతో మొదలవుతుంది. కోనసీమలో తల పైకెత్తి చూడడంతో మొదలవుతుంది. కొబ్బరిచెట్లు లేని వ్యాపార ఆవరణ ఇక్కడ దాదాపు ఉండదు. అతిథులు వచ్చేదీ ఆ నీడ కోసమే. ఎదిగిన చెట్టు ఏడాదికి 12 నుంచి 14 ఆకులు వేస్తుంది, అన్నే మట్టలను రాలుస్తుంది. యాభై చెట్లున్న రిసార్టులో ఏటా ఆరు వందలకు పైగా మట్టలు ఎక్కడో ఒకచోట పడతాయి. కార్ల పార్కింగు, పిల్లల ఆటస్థలం, భోజనాల షెడ్డు కొబ్బరిచెట్ల కింద పెట్టి, తర్వాత మట్ట పడిందని చెట్టు కొట్టేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. తప్పు చెట్టుది కాదని చెప్పడానికి తోట నిపుణులు అక్కరలేదు.

కొబ్బరికాయల దింపు ఈ ఆవరణల్లో పంట పని మాత్రమే కాదు, భద్రత పని కూడా. రైతు తోటలో దింపు ఆలస్యమైతే కాయ ముదురుతుంది, అంతే. రిసార్టులో ఆలస్యమైతే కాయ మనిషి తల మీద పడుతుంది. అందుకే జనం తిరిగే చోట నెలా నెలన్నరకోసారి దింపు తీయించి, ఎండుమట్టలు, ఎండు గెలకాడలు, పీచు శుభ్రం చేయించాలి. జనం కూర్చునే చోట కొత్తగా నాటాలనుకుంటే గంగబొండం లాంటి పొట్టి రకం మేలు. బొండాలు నిచ్చెన మీంచి అందుతాయి, కాయ పడినా ఎత్తు తక్కువ. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ, ఈ గంగబొండానికీ తూర్పు కోస్తా పొడవు రకానికీ సంకరమే.

శుభ్రం చేయించడంలో ఒక హద్దు ఉంది. ఫొటోల్లో బాగుంటుందని పచ్చి మట్టలను కూడా నరికి చెట్టును చీపురుకట్టలా నిలబెట్టడం కొన్ని హోటళ్ళలో అలవాటైంది. పచ్చి మట్టను కాండం దగ్గరగా నరికితే కారే రసం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. గాయంలో గుడ్లు పెడుతుంది, లోపల పిల్లపురుగులు కాండాన్ని గుల్ల చేస్తాయి. పైకి తెలిసేసరికి మొవ్వు వాలిపోతుంది. మట్ట తీయక తప్పకపోతే కాండం నుంచి నాలుగడుగుల దూరంలో కోయాలని కొబ్బరి శాస్త్రవేత్తల సలహా. దీపాల తీగలు కట్టడానికి కాండంలో మేకులు దించడం, ఎక్కడానికి మెట్లు నరకడం కూడా అదే పురుగుకు తలుపు తీస్తాయి.

కొమ్ము పురుగు దారి వేరు. అది పేడకుప్పల్లో, కుళ్ళిన మోడుల్లో, కంపోస్టు గుంటల్లో పెరిగి, రాత్రి పూట మొవ్వులో దూరి లేతాకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక విసనకర్రలా కత్తిరించినట్టు కనిపిస్తుంది. చెట్టు మీద పోరాడేకన్నా కుప్ప మీద పోరాడడం సులువు. పేడకుప్పలో మెటారైజియం శిలీంధ్రం కలపాలి, కుప్పను రెండు నెలలకోసారి తిరగేయాలి. మొవ్వు చుట్టూ ఆకు మొదళ్ళలో మూడు నాలుగు కలరా ఉండలు ఉంచి ఇసుకతో కప్పే పద్ధతి చిన్న చెట్లకు పనికొస్తుంది. వర్షాకాలంలో ఫైటాఫ్తోరా శిలీంధ్రం వల్ల మొవ్వుకుళ్ళు వస్తుంది. జూన్‌కు ముందే మొవ్వు శుభ్రం చేయించి ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయించడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి సాటి లేదు.

వాణిజ్య ఆవరణలను ఇటీవలి కాలంలో ఎక్కువగా ఇబ్బంది పెట్టింది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట గుర్తించిన ఈ పురుగు తర్వాత ఆంధ్రప్రదేశ్ కొబ్బరి తోటలకూ పాకింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తూ తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కార్ల అద్దాల మీద, పెళ్ళి బల్లల మీద, ఈత కొలను గట్టు మీద పడి నల్లని మసి పడుతుంది. చెట్టు దీనితో చావదు, హోటల్ యజమాని సహనమే చస్తుంది. అప్పుడు అతను ఘాటైన పురుగుమందు కొట్టిస్తాడు, సరిగ్గా అదే చేయకూడని పని. ఎన్‌కార్సియా అనే సూది మొనంత కందిరీగ ఈ తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. మందు దెబ్బకు ముందు పోయేది ఈ కందిరీగే, తర్వాత తెల్లదోమ రెట్టింపవుతుంది. నీటిని ఒత్తిడితో ఆకు అడుగుకు కొట్టడం, వేపనూనె పిచికారీ, మసి వదలడానికి ఒక శాతం గంజి చల్లడం, ఇసారియా శిలీంధ్రం వాడడం సరైన మార్గాలు. అంబాజీపేట పరిశోధన స్థానం ఈ జీవ నియంత్రణ మీద చాలా పని చేసింది. మంచి వాన పడితే ఉధృతి దానంతటదే తగ్గుతుంది.

నల్లికి వేరు ద్వారా మందు ఎక్కించే పద్ధతి ఉంది. బొండాలు అతిథులకు కొట్టి ఇచ్చే ఆవరణల్లో రసాయన మందులను ఇలా ఎక్కించడం ప్రమాదం. వేప సంబంధిత అజాడిరాక్టిన్ వాడినా, మందు పెట్టిన చెట్లకు గుర్తు కట్టి, కాయలు ముందే దింపుకుని, గడువు దాకా మళ్ళీ కోయకుండా చూడాలి.

ఎరువు సంగతి. ఎదిగిన కొబ్బరిచెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ సిఫారసు. దాన్ని వర్షాకాలం మొదట్లో, చివర్లో రెండు దఫాలుగా, కాండానికి దూరంగా పాదులో వేస్తారు. చెట్టు చుట్టూ సిమెంటు పలకలు పరిచేసిన ఆవరణల్లో ఈ పాదే ఉండదు. పలకల మధ్య కనీసం మనిషి చేతులు చాచినంత గుండ్రం వదలకపోతే ఎరువెక్కడ వేయాలో ఎవరికీ తెలియదు.

ఏడాది పని

జూన్ నుంచి నాటు కాలం. మొదటి వానకే నాటకుండా, నేల చల్లబడే దాకా రెండు మూడు వానలు ఆగడం మంచిది. డ్రెయిన్ల పూడిక మాత్రం వానకు ముందే, కాలువలు కట్టేసి ఉన్న మే నెలలోనే తీయాలి. బోదెలు ఎండి ఉండేది అప్పుడే. వాన పడ్డాక పూడిక తీయించడానికి కూలీ, శ్రమ రెండూ రెట్టింపవుతాయి.

జులై నుంచి సెప్టెంబరు దాకా పచ్చిక వారానికోసారి కోతకు వస్తుంది. ఒకేసారి మూడోవంతుకు మించి కోయకూడదు. తడి మీద బరువైన యంత్రం తిప్పితే చక్రాల జాడలు నవంబరు దాకా కనిపిస్తాయి. శ్రావణమాసం ముహూర్తాలు ఈ మధ్యలోనే పడతాయి. తడిసిన లాన్ మీద వెయ్యి మంది రెండు పూటలు నడిస్తే నేల అణిగిపోతుంది. పెళ్ళి మర్నాడు ఆ భాగాన్ని ఇనుప గునపాలతో గుచ్చి, గోదావరి ఇసుక పల్చగా చల్లి, పది రోజులు తాడు కట్టి ఎవరినీ పోనీయకపోతే కోలుకుంటుంది. ఈ బాధ పడలేక చాలా హాళ్ళు లాన్ తీసేసి పలకలు పరిచాయి. వాటికి వేసవిలో వేడి, వర్షాకాలంలో మోకాలి లోతు నీరు ఆ బేరంలో కలిసి వచ్చాయి. వాన ముందు యూరియా చల్లడం డబ్బును డ్రెయినులో పోయడమే. చల్లితే వాన వెలిశాక, కొద్దికొద్దిగా.

వరద హెచ్చరికలను తోట మేస్త్రీ కూడా వినాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. లంకల అంచున, ఏటిగట్టు లోపల ఉన్న స్థలాల్లో రెండో హెచ్చరికకే మోటార్లు, స్టార్టర్లు, ఎరువు బస్తాలు, పురుగుమందు డబ్బాలు పైకి చేర్చాలి. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వరద దిగాక మేట వేసిన ఒండ్రును పచ్చిక మీంచి వీలైనంత త్వరగా గీకేయాలి. మూడంగుళాల బురద కింద గడ్డి వారం కన్నా ఎక్కువ బతకదు. గీకిన ఒండ్రును పారేయనక్కరలేదు, పూలపాదులకు అంతకు మించిన మట్టి కొనలేరు.

అక్టోబరు, నవంబరు తుపాన్లవి. వాటి గురించి కింద విడిగా ఉంది.

డిసెంబరు, జనవరి తోట అందంగా ఉండే కాలం, ఆవరణలకు డబ్బు వచ్చే కాలం కూడా. సంక్రాంతికి ఊళ్ళన్నీ చుట్టాలతో నిండుతాయి, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం తరలివస్తారు. బంతి, చేమంతి, పిటూనియా వంటి పూలమొక్కలను అక్టోబరు చివర, వానల మధ్య ఎండిన రోజుల్లో కుండీల్లో పెట్టి పందిరి కింద ఉంచితే సంక్రాంతికి అందివస్తాయి. తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది కాబట్టి సాయంత్రం నీరు పెట్టకూడదు. రాత్రంతా తడిసి ఉన్న ఆకుల మీద మచ్చ తెగుళ్ళు అంటుకుంటాయి.

మార్చి నుంచి మళ్ళీ నీటి లెక్క. ఉన్న నీటిని ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. నిన్న నాటిన చెట్టుకు మొదటి హక్కు, కంచెమొక్కకు రెండోది, పచ్చికకు ఆఖరిది. గరిక జాతి గడ్డి ఎండిపోయినట్టు కనిపించినా మొదటి వానకే లేస్తుంది. మే నెలలో లాన్ పచ్చగా లేదని ట్యాంకరు నీళ్ళు కొనడం అనవసరపు ఖర్చు. కొబ్బరి డొక్కలు, పీచు పొట్టు మొక్కల మొదళ్ళ చుట్టూ పరిస్తే తేమ నిలుస్తుంది. కోనసీమలో దీనికి కరువు లేదు.

కలుపు

తుంగ ఈ నేల మీద అందరికన్నా పాతకాపు. పైన కోస్తే కిందున్న గడ్డల నుంచి నాలుగు లేస్తాయి. పచ్చిక పరిచేముందు నేలను తడిపి, తుంగ మొలిపించి, తవ్వి గడ్డలతో సహా ఏరడం రెండు మూడు సార్లు చేస్తే తప్ప తగ్గదు. పరిచాక వచ్చిన తుంగకు హాలోసల్ఫ్యూరాన్ వంటి ఎంపిక చేసిన మందులున్నాయి. పెట్రోలు బంకుల వెనక, గోదాముల చుట్టూ గ్లైఫోసేట్ కొట్టించే అలవాటు ఉండేది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని ప్రకటించింది. వయ్యారిభామను పూతకు ముందే, చేతికి తొడుగులేసుకుని పీకాలి. దాని పుప్పొడి చర్మానికి, ఊపిరికి మంచిది కాదు.

ఏ మొక్కలు

గోదావరి అవతల కడియం, కడియపులంక నర్సరీలు పక్కనే ఉండడం కోనసీమకు అదృష్టం, ఒక రకంగా ప్రలోభం కూడా. ఆలమూరు మండలంలోకి కూడా ఈ నర్సరీలు విస్తరించాయి. అక్కడ కంటికి నచ్చిన మొక్కల్లా కొని తెచ్చి ఇసుక పర్రలో నాటితే ఏడాదిలో సగం పోతాయి. సముద్రపు గాలికి, ఉప్పుకు ఓర్చేవి పొన్న, గంగరావి, కానుగ, సరుగుడు, మొగలి. కంచెకు గన్నేరు, కాగితపు పూలు. జిగట నేలలో నూరువరహాలు, మందారం, పొగడ, దేవగన్నేరు బాగా వస్తాయి, దేవగన్నేరుకు మాత్రం నీరు నిలవకూడదు. ఫాక్స్‌టెయిల్, రాయల్ పామ్‌లు హోటళ్ళకు ముద్దు. కొబ్బరి పురుగులు వాటినీ వదలవని నర్సరీలో ఎవరూ చెప్పరు. కోనోకార్పస్ త్వరగా గోడలా ఎదుగుతుందని వరసలుగా నాటారు. దాని వేళ్ళు డ్రెయిన్లను, పైపులను పగలగొడతాయన్న ఫిర్యాదులతో పలు రాష్ట్రాలు దాన్ని నాటడం ఆపాయి. ఉన్నవాటిని ఒకేసారి నరక్కుండా మధ్యమధ్య తీస్తూ వేరే చెట్లు పెంచుకోవచ్చు.

కొన్న మొక్క వేరుగడ్డ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సంచి పూర్తిగా తీసి నాటాలి. కూలీలు త్వరపడి సంచితోనే పాతిపెట్టిన చెట్లు తుపాను గాలికి మొదట ఒరుగుతాయి. తోటలో నిలబెట్టే శిల్పాలకు కొత్తపేట శిల్పశాలలున్నాయి, దూరం పోనక్కరలేదు.

తుపాను

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమలో వందల ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. పడిన చెట్ల చోట మళ్ళీ కాపు రావడానికి సంవత్సరాలు పట్టింది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన, యానాం పరిసరాల్లోనే తీరం దాటింది. కాబట్టి సెప్టెంబరు చివర్లో ప్రతి ఆవరణ చేయవలసిన పని ఒకటుంది. గుబురు చెట్ల కొమ్మలను పల్చబరచడం. పై తల నరకడం కాదు, లోపలి కొమ్మలు తీసి గాలి దూరే దారి ఇవ్వడం. తల నరికిన చెట్టుకు మరుసటేడు బలహీనమైన కొమ్మలు గుత్తులుగా వచ్చి, అవే ముందు విరుగుతాయి. కొబ్బరిచెట్లకు ఎండుమట్టలు, ముదురు కాయలు దింపాలి. పచ్చి మట్టలు తీయనక్కరలేదు, కొబ్బరి వంగి గాలిని తప్పించుకోవడం పుట్టుకతో నేర్చిన చెట్టు. హోర్డింగులు, షామియానా గుంజలు, పూలకుండీలు విప్పి లోపల పెట్టడం తోట బృందం పనే.

తుపాను తర్వాత మొదటి రెండు రోజుల్లో చిన్న చెట్లను లేపి, వేళ్ళకు తడి మట్టి కప్పి, మూడు వైపులా ఊతాలు కట్టాలి. వారం గడిస్తే వేళ్ళు ఎండిపోయి లేపినా లాభం లేదు. ఉప్పునీరు ఎక్కిన నేలకు మంచినీటితో కడగడం మొదటి చికిత్స. నేల చౌడు బారితే జిప్సం వేసి, పై ఏడు జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నాలి.

చెత్త, దోమలు, పాములు

కొబ్బరి వ్యర్థాలను ఆవరణ వెనక కుప్పపోసి తగలబెట్టడం పాత అలవాటు. కుప్ప కాల్చకుండా వదిలేస్తే అదీ సమస్యే. కొమ్ము పురుగుకు, ఎలుకలకు, ఎలుకల వెంట కట్లపాముకు, రక్తపింజరకు ఇల్లవుతుంది. మట్టలను ముక్కలు చేసే యంత్రం ఒకటి పెట్టుకుంటే ముక్కలు పాదుల కప్పుకు, ఈనెలు చీపుర్లకు, పచ్చి ఆకులు పందిళ్ళకు పోతాయి. పెళ్ళికి కొబ్బరాకు పందిరి బయట నుంచి కొని, తమ ఆకును తగలబెట్టే హాళ్ళు కూడా ఉన్నాయి.

కొట్టిన బొండాల గుల్లల్లో, పూలకుండీల పళ్ళేల్లో నిలిచిన నీటిలో డెంగీ దోమ వారం పది రోజుల్లో తయారవుతుంది. ఆసుపత్రులు, కళాశాలల్లో శుక్రవారం పాటించే డ్రై డే లెక్క పుట్టింది ఇందుకే, తోట బృందం ఆ రోజు కుండీలన్నీ వంచి చూడాలి.

చట్టాలు, పైపులైన్లు

చెట్టు కొట్టడానికి, బోరు వేయడానికి 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం వర్తిస్తుంది. దాన్నే వాల్టా అంటారు. సొంత స్థలంలో చెట్టు కదా అన్న మాట దాని ముందు చెల్లదు.

కోనసీమకు ప్రత్యేకంగా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. చమురు, సహజవాయువు పైపులు ఇక్కడి తోటల కింద సాగుతాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలుడు ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం పైపు సాగిన పట్టీ మీద కట్టడాలు, బావులు, చెట్లు ఉండకూడదు. వేళ్ళు పైపు పూతను దెబ్బతీస్తాయి. గుంట తవ్వే ముందు సరిహద్దు రాళ్ళు, పసుపు గుర్తులు చూడాలి, అనుమానముంటే పైపులైను సంస్థ వారిని పిలిపించి గుర్తు వేయించుకోవాలి. ఆ పట్టీ మీద గడ్డి, లోతులేని పూలమొక్కలు చాలు. గ్యాస్ కేంద్రాల కంచెల చుట్టూ వేసవిలో ఎండుగడ్డి పేరుకోనీయకుండా మార్చి నుంచే కోయించడం అగ్నిభద్రతలో భాగం.

మనుషులు, కాంట్రాక్టులు

ఆవరణ తోట పనిలో రెండు రకాల నైపుణ్యాలున్నాయి. రోజూ ఉండే తోటమాలి ఒకరు, పిలిస్తే వచ్చే దింపు కార్మికుడు ఇంకొకరు. రెండోవారి కొరత ఏటేటా పెరుగుతోంది. కొత్త తరం చెట్టెక్కడానికి రావడం లేదు, ఉన్నవారికి తోటలన్నీ ఒకేసారి కావాలి. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కే యంత్రాల శిక్షణ, కేర సురక్ష పేరిట ప్రమాద బీమా నడుపుతోంది. తన ఆవరణలో ఎక్కే మనిషికి ఆ బీమా ఉందో లేదో యజమాని ముందే అడగాలి. పడిన తర్వాత ఆ ప్రశ్నతో పని లేదు.

ఏడాది కాంట్రాక్టుల్లో సాధారణంగా కోతలు ఎన్ని, ఎరువు ఎన్నిసార్లు అని రాసుకుంటారు. కోనసీమకు సరిపడే కాంట్రాక్టులో ముందు రాయవలసినవి వేరే ఉన్నాయి. మే నెలలో డ్రెయిన్ పూడిక, సెప్టెంబరులో కొమ్మల పల్చన, దింపుల గడువు, వేసవిలో బోరు నీటి ఉప్పు పరీక్ష, వరద రెండో హెచ్చరిక రాగానే ఎవరు ఎక్కడ ఉండాలన్నది. నెలకింతని ఒకే మొత్తం కుదుర్చుకుంటే కాంట్రాక్టరు ఫిబ్రవరిలో ఎక్కువ మందిని, ఆగస్టులో తక్కువ మందిని పంపుతాడు. పని మాత్రం ఆగస్టులోనే ఉంటుంది. అందుకే అనుభవమున్న యజమానులు జూన్ నుంచి నవంబరు దాకా ఒక రేటు, తక్కిన నెలలకు ఇంకొక రేటు రాయించుకుంటారు.